ఆయుధాలు దొరికితే మాత్రం, అదే అసలు కారణం అవుతుందా?

తమ్ముడూ, నువ్వడిగింది ఇది: ‘2003లో అమెరికా ఇరాక్ మీదికి పోయింది ఆయుధాల కోసం కాదు, చమురు కోసమే అని అందరూ అంటారు. అంతేనా సార్? ఒక ప్రభుత్వం వేరే దేశం మీద యుద్ధానికి పోతూ బయటికి ఒక కారణం చెప్పి, మనసులో ఇంకొకటి పెట్టుకుంటే, ఆ రెండోదాన్ని మనలాంటివాళ్లు ఎట్లా కనిపెట్టాలి?’ గ్రూప్స్ మెయిన్స్‌కు పనికొచ్చేలా చెప్పమని కూడా రాశావు. పరీక్ష సంగతి నేను హామీ ఇవ్వలేను. కడపలో డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది చెబుతా.

ముందు చిన్న సమాధానం. చమురు ఉంది. కానీ ‘చమురు కోసమే’ అంటే లెక్క తేలదు. ఇక కనిపెట్టడం ఎట్లా అంటావా, ప్రభుత్వం చెప్పిన కారణం నిజమా అబద్ధమా అని మాత్రమే తవ్వుతూ కూర్చోవద్దు. ఆ కారణం మధ్యలో తొలగిపోయినప్పుడు యుద్ధం ఆగిందా, ఆగలేదా? అది చూడు. క్లాసులో ఎన్ని సిద్ధాంతాలు చెప్పినా చివరికి నా చేతిలో మిగిలిన పనిముట్టు ఇదొక్కటే. దీని వాడకం చూపించడానికి కొంచెం దూరం తిప్పుతా, ఓపిక పట్టు.

మా బావది రాయచోటి పక్క పల్లె. 1985లో వీసా తెప్పించుకుని కువైట్ పోయినాడు, ఒక ఇంట్లో డ్రైవర్‌గా. మన వైపు ఇది కొత్త కథేం కాదు, నీ క్లాసులోనే సగంమంది ఇళ్లలో ఎవరో ఒకరు అక్కడ ఉండి ఉంటారు. ఐదేళ్లు పంపిన డబ్బుతో పల్లెలో ఇల్లు మొదలుపెట్టించినాడు. గోడలు లేచాయి, స్లాబు వెయ్యాలి. అంతలో 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది.

ఆయన కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబం వేసవికి దేశం దాటి పోయి ఉంది. ఇల్లు, రెండు కార్లు బావ చేతిలో పెట్టి పోయారు. ఒక కారు సైనికులు తీసుకుపోయారు. రొట్టె కోసం గంటల కొద్దీ క్యూ. సెప్టెంబరులో పదిమంది కలిసి డబ్బులు వేసుకుని బస్సు మాట్లాడుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరారు. ఎడారిలో గుడారాలు, నీళ్ల ట్యాంకరు వస్తే తోపులాట. జేబులో ఉన్న కువైట్ దినార్లకు దారిలో ఎవరూ విలువ ఇవ్వలేదు. అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 488 విమానాలు నడిపి లక్షమందికి పైగా మనవాళ్లను తెచ్చారు కదా, అందులో ఈయనొకడు. బొంబాయి నుంచి మద్రాసు రైలెక్కి కడపలో దిగినాడు. స్టేషన్‌కు నేనే పోయినా. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, భుజం మీద గుడారాల దగ్గర ఎవరో ఇచ్చిన బూడిదరంగు దుప్పటి. ఇంటికొచ్చి చొక్కా విప్పితే జేబులోంచి కఫీలు ఇంటి తాళాలగుత్తి కింద పడింది. ‘ఆయప్ప ఇల్లు సూసుకోమని సెప్పిపోయినాడు రా, నేనేమో తాళం ఏసుకుని వచ్చేసినా’ అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

అదే అక్టోబరు 10న వాషింగ్టన్‌లో, చట్టసభ సభ్యులు కొందరు కూర్చున్న ఒక మానవ హక్కుల వేదిక ముందు, నయీరా అనే 15 ఏళ్ల అమ్మాయి ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. ఇరాక్ సైనికులు కువైట్ ఆసుపత్రిలోకి వచ్చి, ఇంక్యుబేటర్లలో ఉన్న పసిబిడ్డలను తీసి చల్లని నేల మీద పడేశారని, తన కళ్లతో చూశానని. ప్రపంచమంతా కదిలిపోయింది. అప్పటి అమెరికా అధ్యక్షుడు పెద్ద బుష్ ఆ మాటను మళ్లీ మళ్లీ చెప్పాడు. 1991 జనవరి 12న యుద్ధానికి అనుమతిస్తూ సెనేట్‌లో ఓటింగ్ జరిగింది: 52 మంది అవును, 47 మంది కాదు. అంత దగ్గరగా తేలిన ఓటింగులో కొందరు సెనేటర్లు తమ ప్రసంగాల్లో ఆ బిడ్డల కథనే ఎత్తుకున్నారు.

ఏడాది తర్వాత, 1992 జనవరిలో, అసలు సంగతి బయటపడింది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురు. ఆ సాక్ష్యం, దాని చుట్టూ ప్రచారం నడిపించింది హిల్ అండ్ నోల్టన్ అనే ప్రజాసంబంధాల సంస్థ, డబ్బు కువైట్ వైపు నుంచి వచ్చింది. ఆమె చెప్పిన సంఘటన జరిగినట్టు తర్వాత వెతికినవాళ్లకు ఆధారం దొరకలేదు.

ఆ వార్త నేను బావకు చదివి వినిపించా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘ఆస్పత్రుల్లో నర్సులు ఎక్కువ మంది మలయాళీలే కదా రా. గుడారాల్లో మా పక్కనే ఉండిరి. ఎవురూ ఈ మాట సెప్పలా. అయినా వాళ్లు సేసిన అన్యాయాలు తక్కువా? ఉండేది సెప్పినా సాలు కదా, లేంది ఎందుకు కల్పించినారు?’

చదువులేని ఆయన అడిగిన ఆ ప్రశ్నే నీ ప్రశ్నకు మూలం. ఆక్రమణ నిజం. హింస నిజం. కువైట్‌ను విడిపించడానికి భద్రతా మండలి తీర్మానం కూడా ఉంది. ఇంత ఉన్నా అబద్ధం ఎందుకు అవసరమైంది? ఎందుకంటే అసలు లెక్క వేరే చోట ఉంది, ఆ లెక్క చెబితే జనం కదలడం లేదు. 1990 నవంబరులో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఒకసారి నోరు జారి నిజం చెప్పాడనే అనుకోవచ్చు. ఇదంతా ఎందుకో ఒక్క ముక్కలో చెప్పమంటే, ఉద్యోగాలు అన్నాడు. గల్ఫ్ చమురు ఒక్కడి చేతిలో పడితే ధరలు పెరిగి, అమెరికాలో మాంద్యం వచ్చి, ఉద్యోగాలు పోతాయని ఆయన భావం. జనం మండిపడ్డారు, ఉద్యోగాల కోసం మా పిల్లల్ని చంపుతారా అని. ఆ వాదన తర్వాత పెద్దగా వినపడలేదు, ఇంక్యుబేటర్లు మాత్రం వినపడుతూనే ఉన్నాయి. దాచిన ఉద్దేశం అంటే ఎప్పుడూ ఇనప్పెట్టెలో ఉంటుందనుకోకు. చాలాసార్లు అది ముందు బయటికే చెప్పి ఉంటారు. అమ్ముడుపోకపోతే అల్మారాలోకి పోతుంది.

ఇప్పుడు మన పనిముట్టు దగ్గరికి వద్దాం. 1838. మన దేశంలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ లార్డ్ ఆక్లాండ్. అక్టోబరు 1న సిమ్లా నుంచి ఒక ప్రకటన ఇచ్చాడు: పర్షియా సైన్యం అఫ్గాన్ నగరం హెరాత్‌ను ముట్టడించింది, కాబూల్ పాలకుడు దోస్త్ మహమ్మద్ మనకు శత్రువులతో చేతులు కలుపుతున్నాడు, అఫ్గాన్లు ప్రేమించే పాత రాజు షా షుజాను గద్దె మీద కూర్చోబెట్టి తిరిగి వచ్చేస్తాం. తమాషా ఏమిటంటే, ఆ ప్రకటన రాసేటప్పటికే పర్షియా ముట్టడి ఎత్తేసి వెళ్లిపోయింది, సెప్టెంబరు 9నే. ఆ కబురు సిమ్లాకు ఆలస్యంగా చేరింది. చేరాక ఏం చెయ్యాలి? కారణం పోయింది కాబట్టి సైన్యాన్ని ఆపాలి. నవంబరు 8న ఆక్లాండ్ ఇంకో ప్రకటన ఇచ్చి, దండయాత్ర యథాతథంగా సాగుతుందన్నాడు.

అక్కడే దొరికిపోయాడు. అసలు భయం రష్యా. కాబూల్‌లో తమ మాట వినే మనిషి ఉండాలి, అంతే. దోస్త్ మహమ్మద్ స్నేహానికి సిద్ధంగానే ఉన్నాడని కాబూల్‌కు దూతగా పోయిన అలెగ్జాండర్ బర్న్స్ ఉత్తరాలు రాశాడు. 1839లో పార్లమెంటు ముందు పెట్టిన పత్రాల్లో ఆ ఉత్తరాలను కత్తిరించి, ఆయన వ్యతిరేకంగా రాసినట్టు కనిపించేలా అచ్చు వేశారు. పూర్తి ఉత్తరాలు పార్లమెంటు కాగితాల్లో రావడానికి 1859 దాకా పట్టింది. అప్పటికి బర్న్స్ లేడు, 1841లో కాబూల్‌లోనే చంపేశారు. 1842 జనవరిలో కాబూల్ వదిలి బయల్దేరినవాళ్లు దాదాపు 16,500 మంది. అందులో సైనికులు నాలుగున్నర వేలు, మిగతా 12,000 మంది మన దేశం నుంచి పోయిన వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గుర్రాలు కాసేవాళ్లు, వాళ్ల పెళ్లాం బిడ్డలు. బతికి జలాలాబాద్ చేరిన డాక్టర్ బ్రైడన్ పేరు అన్ని పుస్తకాల్లో ఉంటుంది. మంచులో గడ్డకట్టి పోయిన ఆ జనం ఏ యుద్ధకారణానికీ సంబంధం ఉన్నవాళ్లు కాదు, జీతం కోసం పోయినవాళ్లు. మా బావ లాంటోళ్లే.

అదే కొలత 2003 మీద పెట్టి చూడు. అమెరికా, బ్రిటన్ చెప్పిన కారణం సామూహిక విధ్వంసక ఆయుధాలు. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న గాజు సీసా పైకెత్తి చూపించాడు. ఆయన చెప్పిన సంచార జీవాయుధ ప్రయోగశాలల కథకు ముఖ్య ఆధారం ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఒక ఇరాకీ శరణార్థి. తాను అల్లిన కథ అని 2011లో ఆయనే ఒప్పుకున్నాడు. ఆఫ్రికాలోని నైజర్ నుంచి యురేనియం కొనడానికి చూశారన్న పత్రాలు నకిలీవని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మార్చి 7న, అంటే యుద్ధానికి రెండు వారాల ముందే చెప్పింది. అదే రోజు తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్ పని పూర్తి కావడానికి ఏళ్లు అక్కర్లేదు, వారాలు చాలవు, నెలలు కావాలన్నాడు. ఆయుధాలే సమస్య అయితే ఇది శుభవార్త కదా? మనుషులు లోపల తిరుగుతున్నారు, చూస్తున్నారు, ఇంకొన్ని నెలలు చాలంటున్నారు. మార్చి 17న చిన్న బుష్, అంటే పెద్ద బుష్ కొడుకు, అప్పటి అధ్యక్షుడు, 48 గంటల గడువు ఇచ్చాడు. 20న బాంబులు పడ్డాయి. ఆయుధ నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత సర్వే బృందమే నివేదిక ఇచ్చాక, యుద్ధం ప్రజాస్వామ్యం కోసం అని మాట మారింది. కారణం పోయినా యుద్ధం పోలేదు, కొత్త కారణాన్ని తెచ్చుకుంది.

లండన్‌లో 2002 జులై 23న జరిగిన ఒక సమావేశం నోట్సు 2005లో పత్రికకెక్కింది. వాషింగ్టన్ నుంచి వచ్చిన బ్రిటిష్ గూఢచారి అధిపతి ఏం చెప్పాడో అందులో ఉంది: విధానానికి తగ్గట్టు సమాచారాన్ని, వాస్తవాలను అమరుస్తున్నారని. యుద్ధానికి ఎనిమిది నెలల ముందు మాట అది. నువ్వు ఇరాక్ గురించి ఒక్క కాగితమే చదివే ఓపికుంటే అది చదువు.

సరే, ఇదంతా విని ‘చూశారా, ఆయుధాలు లేవు, కాబట్టి కుట్ర’ అంటావు. నేనూ క్లాసులో చాలాకాలం అలాగే చెప్పా. ఒకసారి పిల్లల్ని కర్నూలు తీసుకుపోయినప్పుడు ఆ లెక్క తప్పని తెలిసింది. కొండారెడ్డి బురుజు కింద నిలబడి ఒక పిల్లవాడు అడిగాడు: ‘సార్, మరి ఇక్కడ నవాబు దగ్గర నిజంగానే ఆయుధాలు దొరికాయి కదా?’

దొరికాయి. 1839లో, కాబూల్ మీదికి సైన్యం పోయిన అదే ఏడాది, అదే ఆక్లాండ్ కాలంలో. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్. హైదరాబాదు నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాతో కలిసి ఈస్టిండియా కంపెనీ మీద తిరుగుబాటుకు కుట్ర చేస్తున్నాడని, రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని ఆరోపణ. సైన్యం వచ్చింది. కోటలో, జనానా తోటల్లో వెతికితే ఫిరంగులు, గుండ్లు, మందుగుండు పెద్ద ఎత్తున బయటపడ్డాయి. నవాబు పఠాన్ సిపాయిలతో జొహరాపురం దగ్గర ఉన్నాడు. అక్టోబరు 18న అక్కడ పోరు జరిగింది, నవాబు దొరికిపోయాడు. తిరుచిరాపల్లిలో బందీగా ఉండగా 1840లో హత్యకు గురయ్యాడు.

ఇప్పుడు మన కొలత పెట్టు. ఆయుధాలు దొరికాయి, స్వాధీనం చేసుకున్నారు. కోట చేతికొచ్చింది. నవాబు బందీ. ప్రమాదం అన్నది ఏదైనా ఉంటే ఆ రోజుతో తీరిపోయింది. కంపెనీ ఏం చెయ్యొచ్చు? వంశంలో ఇంకొకర్ని కూర్చోబెట్టి, ఏటా వచ్చే లక్ష రూపాయల పేష్కష్, అంటే కప్పం, తీసుకుంటూ వెనక్కి పోవచ్చు. అట్లా చాలా చోట్ల చేసింది కూడా. ఇక్కడ చెయ్యలేదు. రాజ్యం మొత్తం కలిపేసుకుంది, నవాబు కుటుంబానికి పింఛను పడేసింది, జాగీర్లు లాగేసుకుంది. మూడు వైపులా అప్పటికే నలభై ఏళ్లుగా కంపెనీ నేల, మధ్యలో కర్నూలు ముక్క మిగిలింది. ఆ పిల్లవాడి ప్రశ్నతో నాకు తెలిసొచ్చింది ఇదే: ఆయుధాలు లేకపోతే చెప్పింది అబద్ధమని తేలుతుంది. ఆయుధాలు ఉన్నంత మాత్రాన ఉద్దేశం అదేనని తేలదు. ఇరాక్‌లో నాలుగు రసాయన బాంబుల డిపోలు దొరికి ఉన్నా, 2002 జులై నోట్సులోని మాట మారదు.

పరీక్షలో ఇది రాస్తే మార్కులు వేస్తారో లేదో కానీ, ఇరాక్ జవాబులో కర్నూలు రాసినవాడు నువ్వొక్కడివే అవుతావు.

ఇక ‘చమురు కోసమే’ సంగతి. అమెరికా కేంద్ర బ్యాంకుకు చాలాకాలం అధిపతిగా ఉన్న గ్రీన్‌స్పాన్ అంతటివాడే ఇరాక్ యుద్ధం చాలావరకు చమురు గురించేనని 2007లో రాశాడు. ఉపాధ్యక్షుడు డిక్ చెనీ 1995 నుంచి 2000 దాకా చమురు బావుల పనులు చేసే హాలిబర్టన్ కంపెనీ అధిపతి, దాని అనుబంధ సంస్థకు ఇరాక్ చమురు బావుల పని టెండరు లేకుండా దక్కింది. ఇదంతా నిజం. కానీ 2009లో ఇరాక్ తన చమురు క్షేత్రాలను వేలానికి పెట్టినప్పుడు పెద్దదైన రుమైలా దక్కింది బ్రిటిష్ బీపీకి, చైనా ప్రభుత్వ చమురు కంపెనీకి కలిపి. అదీ బావుల మీద హక్కు కాదు, అదనంగా తీసిన పీపాకు రెండు డాలర్ల కూలి. పశ్చిమ ఖుర్నాలో ఒక భాగం ఎక్సాన్‌కు వచ్చింది, ఇంకో పెద్ద భాగం రష్యా వాళ్ల లుకాయిల్‌కు పోయింది. చమురు దోచుకోవడమే ఏకైక పథకమైతే, ఇంత ఖర్చు పెట్టి చైనాకు వాటా ఇచ్చే దొంగ ఎక్కడైనా ఉంటాడా?

కాబట్టి ‘ఒక్క ఉద్దేశం’ అనే ఆలోచనే వదిలెయ్. పెద్ద యుద్ధం నిర్ణయించే గదిలో పదిమంది ఉంటారు, పదిమందికి పది కారణాలుంటాయి. ఇరాక్ పాలకుడు సద్దాంతో తండ్రి కాలం నాటి లెక్క ఉన్నవాడొకడు, పశ్చిమాసియా పటం మార్చాలనుకున్నవాడొకడు, ఇజ్రాయెల్ భద్రత చూసేవాడొకడు, సెప్టెంబరు 11 తర్వాత ఎవరినో ఒకర్ని కొట్టి బలం చూపించాలనుకున్నవాడొకడు. అందరికీ ఒప్పుదలైన కారణం ఏదో అదే బయటికి వస్తుంది. ఇది నా ఊహ కాదు. రక్షణశాఖలో రెండో స్థానంలో ఉన్న వోల్ఫోవిట్జ్ 2003లో ఒక ఇంటర్వ్యూలో దాదాపు ఇదే చెప్పాడు: ఆయుధాల కారణాన్ని ఎంచుకున్నది ప్రభుత్వంలో అందరూ ఒప్పుకోగలిగింది అదొక్కటే కాబట్టి అని. పెళ్లి భోజనంలో అందరూ తింటారని పప్పు పెట్టినట్టు.

వియత్నాం విషయంలో ఈ పాళ్లు కాగితం మీదే దొరికాయి. 1965 మార్చిలో అమెరికా రక్షణశాఖ అధికారి మెక్‌నాటన్ ఒక నోట్సు రాసుకున్నాడు: మనం అక్కడ ఎందుకున్నాం? 70 శాతం, అవమానకరమైన ఓటమి తప్పించుకోవడానికి. 20 శాతం, ఆ నేల చైనా చేతికి పోకుండా. 10 శాతం, దక్షిణ వియత్నాం జనం మెరుగ్గా, స్వేచ్ఛగా బతకడానికి. బయట ప్రసంగాల్లో వినిపించింది ఆ పది శాతమే. 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ బయటపెట్టిన రహస్య పత్రాల్లో ఇది ఉంది. ఆ యుద్ధానికి తలుపు తీసిన 1964 ఆగస్టు 4 నాటి టోంకిన్ సింధుశాఖ రెండో ‘దాడి’ అసలు జరగనే లేదని అమెరికా నిఘా సంస్థ చరిత్రకారుడే రాశాడు, 2005లో బయటికొచ్చింది. ఆ దాడి పేరు మీద జరిగిన ఓటింగులో దిగువ సభలో 416 మంది అవునంటే ఒక్కరూ కాదనలేదు. సెనేట్‌లో ఇద్దరే కాదన్నారు.

ఆ 70 శాతాన్ని మళ్లీ ఒకసారి చూడు. డబ్బూ కాదు, చమురూ కాదు, పరువు. మన సీమలో ఫ్యాక్షన్ చూసిన పెద్దవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మొదటి గొడవ పొలం గట్టు గురించి, ఆ తర్వాత ముప్పై ఏళ్లు నడిచేది మాత్రం వెనక్కి తగ్గితే ఊళ్లో ఏమనుకుంటారో అన్న దాని గురించి. గట్టు ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు.

నిఖార్సైన కుట్ర కావాలంటే సూయజ్ ఉంది, 1956. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. అక్టోబరు 24న పారిస్ పక్కన సెవ్ర్ అనే చోట బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ ప్రతినిధులు రహస్యంగా కాగితం మీద సంతకాలు చేశారు: ఇజ్రాయెల్ దాడి చెయ్యాలి, తర్వాత మిగతా ఇద్దరూ ‘కొట్లాట విడదీయడానికి’ వచ్చి కాలువ పట్టుకోవాలి. అనుకున్నట్టే 29న దాడి, 30న హెచ్చరిక: ఇద్దరూ కాలువకు పది మైళ్లు దూరం జరగండి. అప్పటికి ఇజ్రాయెల్ సైన్యం కాలువ దాకా రానే లేదు! బ్రిటన్ ప్రధాని ఈడెన్ సంతకాల సంగతి తెలిసి మండిపడి, ప్రతులు తగలబెట్టించాలని మనుషుల్ని పారిస్ పంపాడు. బ్రిటిష్ ప్రతి పోయింది, ఇజ్రాయెల్ ప్రతి మిగిలింది. డిసెంబరులో పార్లమెంటులో మాత్రం దాడి సంగతి మాకు ముందే తెలీదన్నాడు.

అమెరికా, బ్రిటన్లనే తిడుతున్నానని అనుకోవద్దు. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి పోయింది. మన జిల్లాల మెడిసిన్ పిల్లలు బంకర్లలో ఇరుక్కుపోయి, ఇక్కడ తల్లిదండ్రులు టెన్షన్‌తో రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్న రోజులు నీకూ గుర్తుంటాయి. నాటో మా గడపలోకి వస్తోందన్నది రష్యా చెప్పిన పెద్ద కారణాల్లో ఒకటి. మరి 2023 ఏప్రిల్‌లో ఫిన్లాండ్ నాటోలో చేరింది, రష్యాతో 1,300 కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉన్న దేశం. అక్కడ యుద్ధం రాలేదు. ఉక్రెయిన్, రష్యా ఒకే జాతి అని పుతిన్ 2021 జులైలోనే పెద్ద వ్యాసం రాసి పెట్టాడు. 2022 సెప్టెంబరు 30న నాలుగు ప్రాంతాలు కలుపుకుంటున్నట్టు ప్రకటించాడు. ఏ కారణం బరువెక్కువో నువ్వే తూచుకో.

మన దేశం సంగతి అడుగుతావని తెలుసు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చారు, ఆ కారణం అబద్ధం కాదు. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకు లాభం అన్నదీ అబద్ధం కాదు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు, 1972 మార్చికి మన సైన్యం వెనక్కి వచ్చేసింది. కారణం తీరాక బయటికి వచ్చిన యుద్ధాలు చాలా తక్కువ, ఇది ఒకటి. శ్రీలంక అట్లా కాదు. 1987లో శాంతి కాపాడటానికని పోయిన సైన్యం మూడు నెలలు తిరక్కుండా ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగింది. అంతకు ముందు ఆ తమిళ మిలిటెంట్లకు శిక్షణ ఇచ్చింది మన సంస్థలే. 1990 మార్చికి తిరిగి వచ్చేలోపు దాదాపు 1,200 మంది సైనికులు చనిపోయారు. ఎందుకు పోయామో ఆ కుటుంబాలకు నేటికీ ఎవరూ సూటిగా చెప్పలేదు.

ఒక జాగ్రత్త. అబద్ధం చెప్పినవాడికి అది అబద్ధమని తెలిసే ఉంటుందని అనుకోకు. ఇరాక్ యుద్ధం నాటి బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ నమ్మే చెప్పాడని నా అభిప్రాయం. నమ్మాలనుకున్నది నమ్మాడు, కాదన్న కాగితాలు పక్కన పెట్టాడు. ఆ యుద్ధం మీద బ్రిటన్ జరిపిన విచారణలో 2016లో వచ్చిన చిల్కాట్ నివేదిక కూడా, శాంతియుత మార్గాలు పూర్తిగా అయిపోకముందే యుద్ధానికి పోయారని తేల్చింది కానీ, ఆయన కావాలని మోసం చేశాడని తీర్పు చెప్పలేదు. వాట్సాప్‌లో వచ్చే ‘తెర వెనుక నలుగురు కుబేరులు’ కథలకు ఈ ఓపిక ఉండదు. తేదీలుండవు, కాగితాలుండవు. నువ్వు తేదీలు రాసుకో: ఏ రోజున ఏ కారణం చెప్పారు, ఏ రోజున అది పోయింది, మర్నాడు ఏం చేశారు. మూడు గళ్ల పట్టిక చాలు.

ఆ పట్టిక పక్కన ఖర్చు ఎవరి మీద పడిందో కూడా రాసుకో. చాలామంది దీన్ని మర్చిపోతారు. మన ఊళ్లను దత్తమండలాలు అని ఎందుకన్నారు? టిప్పు మీద యుద్ధాల్లో కంపెనీతో కలిసి నిజాం 1792లో, 1799లో ఈ నేల సంపాదించాడు. 1800లో తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద దాన్నే తిరిగి కంపెనీకి రాసిచ్చాడు. కడప, అనంతపురం, బళ్లారి, నవాబు కింద లేని కర్నూలు భాగం, అన్నీ ఒక సైన్యం జీతాల బిల్లుకు చెల్లు. ఆ పేరు వదిలించుకుని రాయలసీమ అని పిలుచుకోవడానికి 1928 నంద్యాల సభ దాకా పట్టింది. ఇక 1990 గల్ఫ్ గొడవలో చమురు ధర పెరిగి, అక్కడి నుంచి వచ్చే డబ్బు ఆగి, అసలే బలహీనంగా ఉన్న మన ఖజానా ఇంకా కుంగి, 1991లో బంగారం విమానాల్లో పంపి తాకట్టు పెట్టుకున్నాం. ఆ యుద్ధం మనది కాదు.

మా బావ సంగతి మధ్యలో వదిలేశా. ఆయన తిరిగి కువైట్ పోలేదు. గోడలు లేచిన ఇల్లు అట్లాగే ఏళ్ల తరబడి నిలబడిపోయింది, లోపల కంపచెట్లు మొలిచాయి. 1991లో ఐక్యరాజ్యసమితి ఒక పరిహార కమిషన్ పెట్టింది, కువైట్ వదిలి రావలసివచ్చిన వాళ్లకు నష్టం కట్టివ్వడానికి. మన ప్రభుత్వం ద్వారా ఫారాలు పెట్టించారు. ఆయన ఫారం నేనే పూరించా, సంతకం ఆయన చేశాడు. ఏళ్ల తర్వాత నాలుగు వేల డాలర్లు మంజూరయ్యాయి. ఆ కమిషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఇరాక్ అమ్మిన చమురులో కొంత శాతం కోసి. మొత్తం ఐదు వేల కోట్ల డాలర్లకు పైగా అట్లా కట్టించారు, సద్దాం పోయాక కూడా ఇరాక్ కడుతూనే ఉంది, చివరి వాయిదా 2022 జనవరిలో తీరింది.

యుద్ధం చమురు కోసమా అని అడిగావు. మా అక్క ఇంటి స్లాబు మాత్రం ఆ చమురు డబ్బుతోనే పడింది. వాన గట్టిగా కొడితే వంటింటి మూల ఇప్పటికీ కారుతుంది.